అర డిగ్రీ తేడా

"సరిగ్గా ఉందమ్మాయ్, మూసెయ్" అన్నాను.

నేనలా అన్నాక ఉక్కు తలుపు మూసుకుంది, ఎనిమిది బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి బిగిశాయి, పంపు రెండుసార్లు దగ్గి దారిలో పడింది. ఇక గంటసేపు ఎవరికీ పని లేదు. ఆ ఉక్కు గదిలో ఉన్న గాలినంతా తోడి పారేయడానికి గంట పడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజునా గంటే పట్టింది, ఇవాళా గంటే, మధ్యలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పోయాయి, పంపులు మూడు మారాయి, గంట మాత్రం మారలేదు. గాలి ఎందుకు తోడాలని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. తుపాకి గొట్టంలోంచి లోహపు బిళ్ళ సెకనుకు రెండు వందల మీటర్ల వేగంతో దూసుకొస్తుంటే దాని ముందున్న గాలికి తప్పుకునే తీరిక ఉండదు, ఆ గాలే ముందు వచ్చి ఎదురుగా బిగించిన నమూనా ముక్కని గుద్దుతుంది, అసలు దెబ్బ కన్నా ముందే దొంగదెబ్బ పడిపోతుంది, అందుకని తోడతాం అని చెబుతాను. ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. లోపలి గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు ఏడు వందల అరవై దగ్గర నుంచి కదిలింది. కదిలిందని తెలుస్తోంది గానీ దాని కొన ఎక్కడుందో నాకు కనిపించడం లేదు. కాస్త పక్కకి చూస్తే కనిపిస్తుంది. సూటిగా చూస్తే మాత్రం కొన ఉండాల్సిన చోట తడి వేలితో రుద్దిన సిరా మరకలాంటిది ఉంటుంది. ఈ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. మరి సరిగ్గా ఉందని అన్నానే, ఆ మాట నా నోట్లోంచి అంత సాఫీగా ఎలా వచ్చింది?

ఆ పిల్ల నా ఎదురుగా, కెమెరా పెట్టె పక్కన, నేల మీదే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చేతిలో బిస్కెట్టు ఉంది. కొరకదు, పారేయదు. ఇవాళ పొద్దున ఏమీ తినలేదని దాని మొహమే చెబుతోంది. పీహెచ్‌డీ చేయడానికి మూడేళ్ళ కిందట వచ్చింది, వచ్చిన మొదటి నెలలోనే తను చేయించిన నమూనా తెచ్చి నా అరచేతిలో పెట్టింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఘనం. చూస్తే లోహం, చేతిలో పెడితే ఏమీ లేనట్టుంది. అల్యూమినియం పొడిని లేజరుతో కరిగించి, పొర మీద పొర పేర్చి, గుండుసూది కన్నా సన్నని పుల్లల్ని నిలువుగా, ఐమూలగా అల్లారు. మొత్తం పదహారు వరసలు, లోపల ముప్పాతిక పైన ఖాళీయే. కిటికీకి కొట్టే జాలీలా ఉందే అన్నాను. "దీన్ని లాటిస్ అంటారు పిన్నీ" అంది. ఏదైనా అనుకో, ఇది జాలీ, నువ్వు జాలీపిల్లవి అన్నాను, ఆ పేరే ఖాయమైపోయింది. పక్క గదిలో పనిచేసే కుర్రాళ్ళు "అది ఎప్పుడు జాలీగా ఉంది పిన్నీ, ఆ పేరు పెట్టారు" అని ఏడిపించేవాళ్ళు. నిజమే, దీనికి నవ్వు తక్కువ. పనిలో పడితే లోకం పట్టదు. ఇప్పుడు అలా ముడుచుకుని కూర్చుని ఉంటే, ఆ జాలీలో చివరి దీర్ఘం తీసేస్తే ఏది మిగులుతుందో అదే కలుగుతోంది నాకు. కానీ జాలి చూపించే యోగ్యత నాకుందా? దెబ్బ కొట్టినవాళ్ళు జాలిపడితే దాన్ని ఏమంటారు?

నాకూ ఒక పేరుంది ఇక్కడ. అరడిగ్రీ పిన్ని. ముక్కని గొట్టం మూతికి ఎదురుగా బిగించేటప్పుడు ముక్క మొహం, వచ్చే బిళ్ళ మొహం ఒకదానికొకటి సమంగా ఉండాలి, అర డిగ్రీ కన్నా ఎక్కువ వాలితే నేను ఒప్పుకోను. పద్ధతి చాలా సులువు. గొట్టం మూతికి ఒక అట్ట తగిలిస్తాం, దానికి మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలోంచి లేజరు వెళ్ళి ముక్క మీద అంటించిన అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది. వచ్చిన ఎర్ర చుక్క మళ్ళీ అదే రంధ్రంలో పడితే ముక్క సమంగా ఉన్నట్టు. పక్కన పడితే వాలినట్టు. రంధ్రం చుట్టూ పెన్సిలుతో గీసిన చిన్న సున్నా ఉంటుంది, అదే నా అర డిగ్రీ. ఇదివరకు ఇద్దరు చూడాలనేది నియమం, ఒకరు బిగిస్తే ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి. ఆ రెండో సంతకం ఎప్పుడు ఆగిపోయిందో నాకు గుర్తు లేదు. పిన్ని చూసిందంటే ఇంక ఎవరూ చూడక్కర్లేదు అని ఎవరో అన్నారు, నేను లోపల మురిసిపోయాను, అంతే, ఆగిపోయింది.

కిటికీ ఊచలు వంగిపోయాయనుకున్నాను మొదట. రెండు నెలల కిందట వంటింట్లో నిలబడి, కుడివైపు ఊచ మధ్యలో పొట్టలా ముందుకొచ్చిందేమిటి, ఎవరైనా ఎక్కి వేలాడారా అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన వచ్చి ఊచని పైనుంచి కిందికి చేత్తో తడిమి "తిన్నగానే ఉందే" అన్నారు. మీ కళ్ళకి అన్నీ తిన్నగానే ఉంటాయి అన్నాను. మర్నాడు స్నానాల గదిలో పలకల మధ్య గీతలు అలల్లా ఉన్నాయి. అప్పుడు ఎడమకన్ను మూసి చూశాను, తర్వాత కుడికన్ను మూసి చూశాను. ఎడమది నాకు చిన్నప్పటి నుంచీ మందకొడి, దూరాన మనిషి ఉన్నాడో స్తంభం ఉందో తేల్చుకోలేదు, అయినా దానికి గీతలు తిన్నగానే కనిపించాయి. వంకరంతా కుడికంట్లోనే. ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టిన కన్ను అది.

కంటి డాక్టరమ్మ నా చేతికి ఒక కార్డు ఇచ్చింది, గళ్ళ నోటు పుస్తకంలో కాగితంలా అడ్డం నిలువు గీతలు, మధ్యలో నల్ల చుక్క. చుక్కని చూస్తూ గీతలు ఎలా ఉన్నాయో చెప్పమంది. నడుమ ఎవరో వేలితో లాగినట్టున్నాయి, చుక్క లేదు అన్నాను. "చుక్క ఉందమ్మా. మీకు కనబడటం లేదంతే" అంది. రెటీనా మధ్యలో నీరు ఊరుతోందట, కంట్లోకి ఇంజెక్షన్ చేయాలట, నెలకొకటి, కొన్ని నెలలు. తొందరగా మొదలుపెడితే ఉన్న చూపు నిలుస్తుంది, వచ్చినా కొంత వస్తుంది, ఆలస్యమైతే ఆ మరక అక్కడే గడ్డకట్టుకుపోతుంది అంది. "ఈ వారంలోనే వచ్చేయండి" అంది. ఇంకొకటి కూడా చెప్పింది, అప్పుడు పట్టించుకోలేదు. కన్ను చూడలేని జాగాని మెదడు ఖాళీగా వదలదట, అక్కడ ఏముండాలని మనం అనుకుంటామో దాన్నే నింపేస్తుందట. ఆ వారం పోయింది, తర్వాత రెండు వారాలు పోయాయి. లోహపు బిళ్ళల్ని తుపాకిలో పెట్టి పేల్చే ఆడదాన్ని, సన్నని సూదికి భయపడ్డాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సూది భయం ఒక రోజుది. నెలనెలా సెలవు పెడితే ఎందుకని అడుగుతారు, చెప్తే ఇంకెవరినో ఆ అట్ట ముందు కూర్చోబెడతారు, నేను రిటైరయ్యేదాకా స్టోర్సులో బోల్టులు ఏరుకుంటూ మూడేళ్ళు గడపాలి. అదీ అసలు భయం.

మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయన దర్జీ, పెళ్ళైన కొత్తలో సూదిలోకి దారం ఎక్కించడం నా వంతుగా తీసుకున్నాను, ఆయన తల ఎత్తకుండానే సూది ఇటు చాపేవారు, నేను ఒక్కసారికే ఎక్కించి ఇచ్చేదాన్ని, అదొక సరదా మాకు. ఈమధ్య ఒకరోజు చాపారు, నేను తీసుకుని వెలుతురులోకి వెళ్ళాను, తడిపాను, మెలిపెట్టాను, నాలుగైదుసార్లు దారం పక్కనుంచి పోయింది. పని ఉంది తర్వాత ఇస్తానని అక్కడ పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. మర్నాడు ఆయన మిషను సొరుగులో దారం ఎక్కించే చిన్న రేకు పరికరం కనిపించింది, కొత్తది. అప్పటి నుంచీ ఆయన సూది నా వైపు చాపడం లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నన్ను నొప్పించకుండా ఎన్ని కొని సొరుగుల్లో దాచారో. అడిగితే చెప్పేదాన్నేమో. అడగలేదు, అడిగితే నేను అబద్ధం చెప్పాల్సి వస్తుందని కాబోలు.

ముల్లు నాలుగు వందల కిందికి దిగింది. మూడు వందల యాభై అయి ఉంటుంది. "ఎంత పిన్నీ?" అంది పిల్ల. మూడొందల యాభై అన్నాను. అది తలాడించింది. చూడు, నేను చెప్పిన అంకె అలా తీసుకుని తలాడించింది, లేచి వచ్చి చూడలేదు.

దెబ్బల గురించి నాకు తెలిసిందంతా చూసి నేర్చుకున్నదే. ఈ జాలీని నిదానంగా యంత్రంలో పెట్టి నొక్కితే ఒకలా ప్రవర్తిస్తుంది, ఒక్కసారిగా కొడితే ఇంకొకలా. నిదానంగా నొక్కినప్పుడు ఏ వరస బలహీనంగా ఉందో అది ముందు కుంగుతుంది, అది అడుగున ఉండొచ్చు, నడుమ ఉండొచ్చు. బరువు మెల్లగా అన్నిచోట్లా తడుముకుని, మెత్తని చోటు వెతుక్కుని అక్కడ దిగుతుంది. వేగంగా వచ్చిన దెబ్బకి అంత తీరిక ఉండదు. ఎదురుగా ఉన్న వరస గట్టిదైనా సరే, ముందు అదే పడుతుంది. పడి రెండోదాని మీద కూర్చుంటుంది, రెండూ కలిసి మూడోదాని మీద పడతాయి. వెనక ఉన్న వరసలకి ముందు ఏమవుతోందో కబురు కూడా అందదు. పడిపోయే ప్రతి వరసా బిళ్ళ వేగంలో కొంత తను మింగి పడుతుంది, బిళ్ళ అలసిపోయి ఆగేసరికి వెనక కొన్ని వరసలు చెక్కు చెదరకుండా నిలబడి ఉండాలి. అయిదో ఆరో మిగలాలని జాలీపిల్ల లెక్క. విమానం ఇంజన్లో తిరిగే రెక్క విరిగితే తుపాకి గుండులా బయటికొస్తుంది, దాని చుట్టూ కట్టే గోడలో ఈ జాలీని పెట్టాలని దాని ఆశ. గోడని మందంగా పోతపోస్తే విమానం లేవదు, పల్చగా చేస్తే లోపల కూర్చున్న మనుషుల దాకా వస్తుంది రెక్క. లెక్క ప్రకారం ఈ అల్లిక ఆపాలి. మూడుసార్లు కొట్టాం, మూడుసార్లూ ఆపలేదు. వరసలు ఒకదాని తర్వాత ఒకటి పడటం పోయి, అంతా ఒకేసారి గజిబిజిగా పేకల కట్టని పక్కకి తోసినట్టు జారిపోయింది. ముక్క వెనక దెబ్బని కొలిచే మీటరు ముల్లు ఎగిరి దూకింది. ఒక్కొక్క ముక్క తయారు కావడానికి పదిహేను రోజులు. నాలుగే ఇచ్చారు. నాలుగోది ఇప్పుడు ఆ తలుపు వెనక ఉంది.

బయటి తలుపు తోసుకుని పెద్దసారు వచ్చారు. మా విభాగానికి అధిపతి, కంగారు మనిషి, చెడ్డవాడు కాదు. మీటరు వైపు చూశారు, వాచీ చూశారు.

"పన్నెండింటికి కమిటీ" అన్నారు పిల్లతో. "ఇది కూడా జారిపోతే ఇంకో ఆరు నెలలు ఇమ్మని అడగడానికి నాకు మొహం చెల్లదమ్మా. ఈ అల్లిక పక్కన పెట్టేసి వేరేది చూసుకుందాం."

"అలాగే సర్."

"అమరికలో ఏమన్నా తేడా ఉందేమో, అదొకటి చూశావా?"

ఆయన నన్ను అడగలేదు, పిల్లని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"అమరిక పిన్ని చేశారు సర్" అంది పిల్ల, ఇంకేం చూడాలి అన్నట్టు. "పిన్ని చేతిలో తేడా రాదు. లోపం నా అల్లికలోనే ఎక్కడో ఉంది. కూడళ్ళ దగ్గర పుల్లలు మరీ సన్నమైపోయాయేమో."

"అదీ నిజమే" అని ఆయన వెళ్ళిపోయారు.

పిల్ల బిస్కెట్టుని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. నా వైపు కాకుండా నేల వైపు చూస్తూ, "మూడేళ్ళు ఏం చేశావని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి పిన్నీ?" అంది. నవ్వుతూ అనబోయింది గానీ కుదరలేదు. నేను "ఇంకా కొట్టలేదుగా" అన్నాను. ఎంత తేలిగ్గా అన్నాను. మన మీద అంత నమ్మకంతో మాట్లాడే మనిషి ముందు నోరెత్తడం ఎంత కష్టమో నాకు ఇవాళే తెలిసింది. అది నన్ను అనుమానించి ఉంటే పోట్లాడేదాన్ని, పోట్లాటలో నిజం బయటపడేది. నా తప్పుని అది తన నెత్తిన వేసుకుంది, నాకు తెలుసన్న సంగతి తెలియక.

నాకు నిన్న సాయంత్రం తెలిసింది. మూడో ముక్క తీసి సంచిలో వేయబోతూ, అలవాటుగా వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పాను. నలిగి బిళ్ళలా అయిపోయింది. కెమెరా వైపు అంచు మందంగా తగిలింది, అవతలి అంచు పల్చగా. మళ్ళీ తిప్పాను, అంతే. తీసి పక్కన పెట్టి, పాత సంచుల్లోంచి మొదటిదీ రెండోదీ తీసి కళ్ళు మూసుకుని తడిమాను. అన్నీ అవతలి వైపే పల్చన. ముక్క అటు వాలి ఉంటేనే అలా నలుగుతుంది. ముందు ఒక అంచు దెబ్బ తిని, మిగతాది దాని వెంట జారిపోయిందన్నమాట. కెమెరా పక్కనుంచి చూస్తుంది, ముక్క తన వైపు వాలినా అవతలికి వాలినా దానికి తెలియదు. అందుకే ఫిల్ములో అంతా గజిబిజి. అంటే అల్లిక మంచిదే. రెండు నెలలుగా చెడ్డది నా కన్ను. తర్వాత మూడు ముక్కల్నీ మళ్ళీ సంచుల్లో వేసి, పేర్లు రాసి, ఇంటికి వెళ్ళిపోయాను. రేపు ఇంకా జాగ్రత్తగా పెడతాను, అంతే కదా, అనుకున్నాను. ఇవాళ జాగ్రత్తగానే పెట్టాను. చుక్క రంధ్రంలో పడేదాకా ముక్కని బిగించే మర మూడుసార్లు తిప్పాను. పడింది. పడిందని కనిపించింది. ఏది ఉండాలనుకుంటే అది నింపేస్తుంది అని డాక్టరమ్మ అన్న మాట, తలుపు బోల్టులు బిగుసుకుంటుంటే గుర్తొచ్చింది.

నూట యాభై. గాలి పల్చబడేకొద్దీ పంపు శబ్దం సన్నబడుతుంది, లోపల తోడటానికి ఏమీ లేనప్పుడు ఉత్తినే తిరుగుతున్నట్టు టకటకమంటుంది. మా నాన్న తాపీమేస్త్రీ. ఆయన మధ్యాహ్నం భోజనం క్యారియరు నేను పట్టుకెళ్ళేదాన్ని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి కట్టే గోడ దగ్గర నిలబడి "నాన్నా, ఇది వాలింది" అన్నాను. ఇంటి యజమాని అక్కడే ఉన్నాడు. నాన్న లెంపకాయ ఇచ్చాడు, చెవి గింగురుమంది, క్యారియరు అక్కడే వదిలేసి ఏడుస్తూ వచ్చేశాను. మర్నాడు వెళ్ళేసరికి గోడ మోకాలెత్తుకి దిగిపోయింది. పై వరసలన్నీ విప్పి, ఇటుకలు గీకి, మళ్ళీ మొదటి నుంచి పేరుస్తున్నాడు. నా వైపు చూడలేదు. పైన సున్నం పూస్తే ఆ వాలు ఎవరికీ తెలిసేది కాదు, ఇప్పుడు నాకు తెలుసు ఆ సంగతి. ఆయన పోయేదాకా దాని ఊసు ఎత్తలేదు, నువ్వు చెప్పింది నిజమే అని కూడా అనలేదు. నాకు ఇవాళ ఒక్కటే తెలుసుకోవాలని ఉంది. ఆ యజమాని దగ్గరికి వెళ్ళి ఎలా మొదలుపెట్టాడు? అయ్యా, అని ఆగాడా? ఒక్కసారే చెప్పేశాడా? మొదటి మాట ఏమిటి? తర్వాతి మాటలు ఎలాగోలా వస్తాయి, ఆ మొదటి మాటే దొరకదు.

నలభై. ఇరవై. ఇంకో పది నిమిషాల్లో నేను సైరన్ మోగించాలి, అందరూ మందపాటి గాజు అద్దం వెనక్కి వెళతారు, నేను తుపాకి పేల్చే తాళం తిప్పుతాను. ఢామ్మని ఒక్క చప్పుడు, నాలుగో ముక్క కూడా సంచిలోకి. పెద్దసారు కమిటీకి వెళతారు, పిల్ల సామాను సర్దుకుంటుంది. నేను ఇంకొకరి ముక్క బిగిస్తాను, ఇంకొకరు తమ లెక్కల్ని తిట్టుకుంటారు. ఎవరూ నన్ను పట్టుకోరు. ఎంత హాయి, ఎవరూ పట్టుకోరు.

ఎప్పుడు లేచానో నాకే తెలియదు. కాళ్ళు లేచాయి. తలుపు పక్కనున్న ఎర్ర పిడి వాల్వు పట్టుకుని తిప్పేశాను. బయటి గాలి ఈల వేసుకుంటూ లోపలికి దూరింది.

పిల్ల ఒక్క గెంతున లేచింది. "పిన్నీ! అది గాలి వదిలే వాల్వు!"

"తెలుసు."

"అయిపోవచ్చింది కదా! ఏమైంది, లీకా?"

"లీకు కాదు. ముక్క వాలి ఉంది."

"తలుపు మూసుంటే మీకెలా తెలుసు?"

"తెరిచి ఉన్నప్పుడే తెలియాల్సింది" అన్నాను. మొదటి మాట దాటింది కాబట్టి మిగతావి వాటంతట అవే వచ్చేశాయి. "నా కుడికన్ను పోతోందమ్మాయ్. చుక్క ఎక్కడ పడుతోందో నాకు కనబడటం లేదు. ముందు మూడూ అంతే. నీ అల్లికలో ఏ లోపమూ లేదు. ముక్కలు తీసుకొచ్చి కొలుచుకో, అంచులు తేడాగా ఉంటాయి."

అది అలమర దగ్గరికి వెళ్ళి సంచులు తెచ్చి బల్ల మీద పోసి, మందం కొలిచే వెర్నియర్ పట్టుకుంది. ఒక అంచు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, అవతలి అంచు పద్దెనిమిది. రెండోది, మూడోది. కొలిచిన ప్రతిసారీ అంకె బయటికి చదివింది, నాకు వినిపించాలని కాదు, నమ్మడం కోసం.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"కన్ను సంగతి రెండు నెలల కింద. ఇది నిన్న సాయంత్రం."

"నిన్న తెలిసి, ఇవాళ మళ్ళీ మీరే పెట్టారా?"

"పెట్టాను."

"సరిగ్గా ఉందన్నారు."

"అన్నాను."

"రెండు నెలలు పిన్నీ. రెండు నెలలు నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో తెలుసా మీకు? నాకు చేతకాదని రాసి ఇచ్చేద్దామనుకున్నాను. ఇందాక కూడా... సారు అడిగినప్పుడు కూడా మీరు అక్కడే ఉన్నారు."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. క్షమించమని అడగడం ఆ క్షణంలో ఇంకో సాయం అడగడంలా అనిపించింది. వాల్వు ఈల తగ్గి తగ్గి ఆగిపోయింది. మేమిద్దరం, బల్ల మీద నలిగిన మూడు ముక్కలు, అంతే. దెబ్బ అంటే చప్పుడుంటుందనుకుంటాం.

తర్వాత అది స్పానరు తీసుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. నేనూ ఇంకో స్పానరు తీసుకుని అవతలి వైపు నుంచి విప్పాను. తలుపు తెరిచి, లేజరు వేసి, అది అట్ట మీదికి వంగింది.

"రంధ్రంలో లేదు" అంది. "పక్కన ఉంది."

"ఎంత పక్కన?"

"నా చిటికెన వేలంత. సున్నా దాటిపోయింది." మళ్ళీ అట్ట వంక చూసి, నా వంక చూసింది. "మీకు ఇప్పుడు ఎక్కడ కనిపిస్తోంది పిన్నీ?"

నేను వంగి చూశాను. "రంధ్రంలోనే" అన్నాను. "ఇప్పటికీ రంధ్రంలోనే కనిపిస్తోందమ్మా." అప్పుడు వచ్చింది ఏడుపు, ఇంతసేపూ రానిది. అది నా మోచెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. ఓదార్చలేదు, కోపం పోలేదు, చెయ్యి మాత్రం వెంటనే తీయలేదు.

పెద్దసారుకి నేనే ఫోన్ చేసి పిలిచాను, నేనే చెప్పాను. పిల్ల చెబుతానంది, వద్దన్నాను. ఆయన మొహం ఎర్రబడింది, కాసేపు గది ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగారు. మూడు ముక్కలు, రెండు నెలలు, రెండో సంతకం ఏమైంది, ఎవరు ఆపారు అన్నారు. నేను అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండో సంతకం దగ్గర ఆయనే ఆగిపోయారు, ఆపిన మనిషి ఎవరో ఆయనకి గుర్తొచ్చినట్టుంది. చివరికి "డాక్టరు ఏమన్నారు?" అని అడిగారు. మూడు వారాల కిందటే రమ్మన్నారని చెప్పాను.

"మూడు వారాలా? మీకు మతి ఉందా అమ్మా?" అని అప్పుడు నిజంగా అరిచారు. "కమిటీని మూడింటికి మార్పిస్తాను. రేపు మీరు ఇక్కడ కనబడితే ఊరుకోను, ఆసుపత్రిలో ఉండాలి. తర్వాతి సంగతి తర్వాత మాట్లాడదాం." తర్వాతి సంగతి ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. స్టోర్సేనేమో. అయితే కానీ.

ముక్కని జాలీపిల్లే బిగించింది. దానికి అలవాటు లేదు, ఒక మర బిగిస్తే ఇంకో పక్క లేచిపోయేది. ఎదురెదురు మరలు పట్టుకో, ఒకదాన్ని పావు తిప్పితే దాని ఎదురుదాన్ని పావు వదులు అని నేను చెబుతూ పోయాను. మర బిగుసుకుంటున్నప్పుడు వచ్చే కీచు శబ్దం నాకు వినిపించేది, ఇంక చాలు ఆగు అనేదాన్ని, ఆగేది. ఒకసారి చిరాకుపడి "ఇన్నేళ్ళు ఇది ఎలా చేశారు పిన్నీ?" అంది. ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడినట్టయింది, మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుని మర్చిపోయిన మనిషిలా. చుక్క రంధ్రంలో పడింది. దాని చేత సంతకం పెట్టించాను, పక్క గదిలోంచి ఒక కుర్రాణ్ణి పిలిచి అతని చేతా చూపించి రెండో సంతకం పెట్టించాను. తలుపు మూశాం. మళ్ళీ గంట.

రెండో గంట గురించి చెప్పడానికి ఏమీ లేదు. నిద్రపోయాను. స్టూలు మీద కూర్చుని, గోడకి తల ఆనించి, పంపు చప్పుడులో, ఎన్నో వారాల తర్వాత అంత గాఢంగా నిద్రపోయాను. పిల్ల వచ్చి భుజం తట్టి "ముల్లు రెండుకి వచ్చింది" అంది.

సైరన్. అద్దం వెనక్కి వెళ్ళాం. తాళం నేనే తిప్పాను, దానికి కన్ను అక్కర్లేదు. నేల ఒక్కసారి అదిరింది, అంతే. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు లోపల జరిగేది, అది చూడాలంటే సెకనుకు లక్ష బొమ్మలు తీసే కెమెరా కావాలి. పిల్ల తెర ముందు కూర్చుంది. ఇదివరకైతే నేను దాని భుజం మీదుగా వంగేదాన్ని. ఇవాళ వెనకే నిలబడ్డాను, తెర మధ్యలో నాకు మరకే కనిపిస్తుంది.

"చెప్పు" అన్నాను.

"బిళ్ళ వచ్చింది. తగిలింది. మొహమంతా ఒకేసారి తగిలింది పిన్నీ." ఒక్కొక్క బొమ్మనీ ముందుకి జరుపుతున్న మీట చప్పుడు. "మొదటి వరస పడింది. మిగతావి కదల్లేదు. రెండోది... పడింది. మూడోది. తిన్నగా పడుతున్నాయి, గీత గీసినట్టు. నాలుగు. అయిదు."

నేను కళ్ళు మూసుకున్నాను. అలా అయితే బాగా కనిపిస్తోంది.

"ఎనిమిది. తొమ్మిది. నెమ్మదించింది. పది." మీట చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం పెరిగింది. "పదకొండు కుంగుతోంది... సగంలో ఉంది... ఆగిపోయింది పిన్నీ. బిళ్ళ ఆగిపోయింది."

"వెనకవి?"

తెర మీద వేలు పెట్టి లెక్కపెడుతోందని, గోరు గాజుకి తగిలే చప్పుడుని బట్టి తెలిసింది.

"అయిదు" అంది. "అయిదూ నిలబడి ఉన్నాయి. ఒక్క పుల్ల కూడా వంగలేదు."

మూడింటికి ఇంకా అరగంట ఉంది. అది ఫిల్ము తీసుకుని పరుగెత్తాలి, కాగితాలు సర్దుకోవాలి, నాకు తెలుసు. అయినా ఆగలేకపోయాను.

"ఇంకొక్కసారి చెప్పు" అన్నాను. "మొదటి వరస నుంచి."

అది కుర్చీ నా వైపు కాస్త జరుపుకుని, బొమ్మల్ని వెనక్కి తిప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.